చెల్లెలి పెళ్లి ఫొటోలకు ఎవరిని కుదుర్చుకోవాలి, ఎంత కేటాయించాలి?

ప్రశ్న: పెళ్లికూతురి అన్నయ్య, అల్వాల్

అందరికీ నమస్కారం. మా చెల్లెలి పెళ్లి వచ్చే మాఘమాసంలో నిశ్చయమైంది. ముందురోజు ఉదయం అల్వాల్‌లోని మా ఇంట్లో పసుపు దంచడం, మంగళస్నానం, పెళ్లికూతురిని చేయడం ఉంటాయి. సాయంత్రం కొంపల్లి దగ్గరి ఫంక్షన్ హాలులో ఎదుర్కోళ్లు, విందు. ఆ రాత్రే, తెల్లవారుజామున 2 గంటల 58 నిమిషాలకు జీలకర్ర బెల్లం ముహూర్తం. నాన్నగారికి ఈ మధ్యే బైపాస్ ఆపరేషన్ అయింది కనుక పనులన్నీ నేనే చూసుకుంటున్నాను. వంటవారు, పురోహితులు, మండపం అలంకరణ వారు కుదిరారు గాని, ఫొటోగ్రాఫరు విషయంలో మాత్రం ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

ఫొటోలు, వీడియో, ఆల్బమ్ అన్నీ కలిపి 2 లక్షలు దాటకూడదని ఇంట్లో అనుకున్నాము. మూడు చోట్ల వాకబు చేశాను. మొదటి స్టూడియో వారు 1,40,000 అన్నారు. ఆ ధరలో నిలబెట్టి తీసే ట్రెడిషనల్ ఫొటోలకు ఒకరు, ఎవరి పనిలో వారు ఉండగా సహజంగా తీసే కాండిడ్ ఫొటోలకు ఒకరు, మామూలు వీడియోకు ఒకరు, సినిమాలా కూర్చే సినిమాటిక్ వీడియోకు ఒకరు వస్తారట. డ్రోన్, హాలులో రెండు ఎల్ఈడీ తెరలు, నలభై షీట్ల ఆల్బమ్‌లు రెండు, టీజర్ అనే చిన్న వీడియో కూడా అందులోనే ఇస్తారట. రెండో వారిది ఇన్‌స్టాగ్రామ్‌లో మంచి పేరున్న బృందం. వారు 2,90,000 చెప్పారు. అందులో డ్రోన్ లేదు, తెరలు లేవు, ఆల్బమ్ ఒక్కటే. మూడో ఆయన మా కాలనీలోనే స్టూడియో నడుపుతున్నారు, నాన్నగారికి ఏళ్లుగా తెలిసినవారు. ఫొటోలు, వీడియో, రెండు ఆల్బమ్‌లు కలిపి 65,000కు చేసిస్తానంటున్నారు. ఆయన పని నిజాయతీగా చేస్తారు, అయితే అందరినీ వరుసగా నిలబెట్టి తీయడమే ఆయన పద్ధతి, చెల్లెలికి అది నచ్చడం లేదు.

తక్కువ వస్తువులు ఇచ్చేవారు రెట్టింపు ధర ఎందుకు చెబుతున్నారో నాకు బోధపడలేదు. పైగా మగపెళ్లివారు వరంగల్ నుంచి తమ ఫొటోగ్రాఫరును తామే తెచ్చుకుంటామంటున్నారు. మా అమ్మమ్మగారికి ఎనభై దాటాయి, ఉదయం పూట ఉన్న ఓపిక ఆవిడకు రాత్రి ఉండదు. ఆవిడ ఫొటోలు, నాన్నగారు కన్యాదానం చేసే ఫొటోలు చక్కగా రావాలన్నది అమ్మ పట్టుదల. మంచి ముహూర్తాలు కొద్ది రోజుల్లోనే ఉన్నాయి కనుక ఈ వారంలో అడ్వాన్స్ ఇవ్వకపోతే తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తామని ముగ్గురూ తొందరపెడుతున్నారు. పెళ్లి చేసినవారు, ఈ వృత్తిలో ఉన్నవారు దయచేసి దారి చూపండి.

జవాబు: ఒక పెళ్లికూతురి తల్లి, నాగోలు

బాబూ, నీ చెల్లెలికి ముందుగా నా ఆశీస్సులు. నువ్వు రాసిన మొదటి స్టూడియో జాబితా లాంటిదే మా అమ్మాయి పెళ్లికి మా చేతికీ వచ్చింది. డ్రోన్, తెరలు, క్రేను అన్నీ అందులో ఉన్నాయి, మాట ఇచ్చినట్టే అన్నీ వచ్చాయి కూడా. రానిదల్లా మాకు ఫొటోలు చూపించి ఒప్పించిన మనిషి. ఆయన అదే రాత్రి ఇంకో పెళ్లికి వెళ్లి, మా దగ్గరకు ఇద్దరు కుర్రవాళ్లను పంపారు. పాపం, వాళ్లు కష్టపడని క్షణం లేదు, కానీ మన పెళ్లి తంతు వాళ్లకు తెలియదు. తర్వాత ఏం జరుగుతుందో తెలియని మనిషి ఆ క్షణానికి ఎప్పుడూ తప్పు వైపే నిలబడి ఉంటాడు. కన్యాదానం వేళ మా వారు అల్లుడి కాళ్లు కడుగుతుంటే నేను చెంబుతో నీళ్లు పోస్తున్నాను; ఆ ఫొటోలో నా భుజం, పళ్లెం అంచు తప్ప ఆయన ముఖం లేదు. టీజర్ మాత్రం చాలా అందంగా వచ్చింది. రెండు నిమిషాల టీజర్‌లో కన్యాదానం ఉండనవసరం లేదు, ఆల్బమ్‌లో ఉండి తీరాలి.

అందుచేత నువ్వు అడగవలసిన మొదటి మాట ధర గురించి కాదు. ఒక్క పెళ్లి మొత్తం చూపించమని అడుగు. ఏరి పెట్టిన పాతిక ఫొటోలు ఎవరైనా చూపిస్తారు. రాత్రి ముహూర్తం ఉన్న ఒక తెలుగు పెళ్లిని తీసుకుని, గౌరీపూజ నుంచి అప్పగింతల దాకా ఆ ఇంటివారికి ఇచ్చిన ఫొటోలన్నీ కూర్చుని చూడాలి. తలంబ్రాలు అయ్యాక, అందరికీ నిద్ర ముంచుకొచ్చే వేళ, సప్తపది, అరుంధతీ దర్శనం ఎలా తీశారో అక్కడ చూడు. మా బంధువుల ఆల్బమ్‌లు తిరగేస్తే తలంబ్రాల దాకా వందల ఫొటోలు ఉంటాయి, ఆ తర్వాత పెళ్లి ఏదో తొందరలో ముగిసిపోయినట్టు కనిపిస్తుంది.

రెండో మాట, వేదిక మీద రద్దీ. మగపెళ్లివారి బృందం కూడా వస్తే ఎనిమిది, తొమ్మిది మంది కెమెరాలతో మండపం ముందు గోడలా నిలబడతారు. కుర్చీల్లో కూర్చున్న చుట్టాలకు వాళ్ల వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఒకరి లైటు ఇంకొకరి ఫొటోలో పడుతుంది, వధూవరులు ఎవరి వైపు చూడాలో తెలియక తికమకపడతారు. వరంగల్ వారితో పెద్దవాళ్ల ద్వారా మర్యాదగా మాట్లాడించు. ఇంటి దగ్గర పెళ్లికొడుకుని చేయడం, మైలపోలు, తరువాత సత్యనారాయణ వ్రతం వాళ్ల ఫొటోగ్రాఫరు తీయవచ్చు. ముహూర్తానికి మాత్రం ఒకే బృందం ఉండి, ఫొటోలన్నీ రెండు ఇళ్లకూ ఇవ్వాలని ఒప్పందం చేసుకుంటే వాళ్లకూ ఖర్చు తగ్గుతుంది. మా రెండో అబ్బాయి పెళ్లికి వియ్యపురాలే ఈ మాట ముందుగా అన్నారు, ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

ఇంకొకటి, మీ వాళ్లలో అందరినీ ఎరిగిన ఒక మనిషిని, పిన్నినో బాబాయినో, ఫొటోగ్రాఫరు పక్కన ఉంచండి. మేనమామ ఎవరో, ఆడపడుచు ఎవరో, ఎవరిని వదిలేస్తే ఏళ్ల తరబడి మాట పడాల్సి వస్తుందో బయటి మనిషికి ఎలా తెలుస్తుంది?

జవాబు: పెళ్లి ఫొటోగ్రాఫరు, సికింద్రాబాద్

నమస్కారమండీ. నేను ఈ వృత్తిలోనే ఉన్నాను, మీరు అడిగిన ముగ్గురిలో నేను లేను కనుక మొహమాటం లేకుండా రాస్తున్నాను. నాగోలు అమ్మగారు చెప్పినది అక్షరాలా నిజం. ఆ కుర్రవాళ్లు ఎందుకు వస్తారో లెక్క వేసి చూపిస్తాను.

మొదటి స్టూడియో వారి 1,40,000 తీసుకోండి. నేను ఈ మధ్య చెల్లిస్తున్న ధరల ప్రకారం ఎల్ఈడీ తెరలు రెండింటికీ 24,000, డ్రోన్‌కు 10,000, మంచి కాగితం మీద నలభై షీట్ల ఆల్బమ్ రూపకల్పన, ముద్రణ, అట్టతో కలిపి 18,000 చొప్పున రెండింటికి 36,000. అంటే 70,000 వస్తువులకే పోయింది. మిగిలిన 70,000లో నలుగురు మనుషులు ఉదయం నుంచి మర్నాటి తెల్లవారుజాము దాకా పనిచేయాలి, ఫొటోలు దిద్దాలి, వీడియో కూర్చాలి, స్టూడియో అద్దె రావాలి. మా పనిలో ఇంత పొడుగు పెళ్లిని రెండు పూటలుగా లెక్కిస్తాము. అనుభవం ఉన్న కాండిడ్ ఫొటోగ్రాఫరు ఒక పూటకు 15,000కు తక్కువ రారు, సినిమాటిక్ వీడియో తీసేవారు కూడా అంతే. ఈ ఇద్దరికే 60,000 అవుతుంది. కాబట్టి ఆ ధరకు చేయాలంటే నేర్చుకుంటున్న వారిని పంపడం తప్ప ఆ స్టూడియోకు దారి లేదు. వారు మోసం చేస్తున్నారని నేను అనడం లేదు. అందరూ జాబితా పొడుగు చూసి పోల్చుకుంటున్నారు కనుక, వారు జాబితాను పొడిగించి మనుషుల దగ్గర తగ్గించుకుంటున్నారు. 2,90,000 చెప్పినవారు బహుశా ఆ డబ్బును మనుషుల మీద, ఎడిటింగ్ మీద పెడుతున్నారు, కొంత వారి పేరుకు కూడా చెల్లుతుంది. మీరు చెల్లించవలసింది ఆ రాత్రి 2 గంటల 58 నిమిషాలకు కెమెరా వెనుక నిలబడే మనిషికి. మిగతావన్నీ డబ్బు మిగిలితే చూసుకోవచ్చు.

ఆ ఒక్క నిమిషం ఎంత కష్టమో చెబితేగాని నా మాట మీకు అతకదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళ వధూవరుల మధ్య తెర ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి చేతులు ఎత్తి ఒకరి నడినెత్తిన ఒకరు పెడతారు, తెర దించుతారు, ఇద్దరూ మొదటిసారి ఒకరినొకరు చూసుకుంటారు. అబ్బాయి వైపు నిలబడితే అమ్మాయి ముఖం దొరుకుతుంది, అబ్బాయి ముఖం పోతుంది. ఎదురుగా నిలబడితే ఇద్దరి మోచేతులూ ముఖాలకు అడ్డు వస్తాయి. అందుకే ఆ సమయానికి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు చెరో వైపు, కాస్త ఎత్తున ఉండాలి. సరిగ్గా అప్పుడే మంగళవాద్యం ఉధృతమవుతుంది, చుట్టాలందరూ అక్షతలతో మండపం మీదికి వస్తారు, తెర పట్టుకున్న మేనమామ భుజం కూడా అడ్డమే. తలంబ్రాల వేళ కెమెరా ఫోకస్ ముఖాన్ని వదిలి ముందు పడుతున్న బియ్యపు గింజలను పట్టుకుంటుంది. ఇవి తెలిసినవాడు ముందే పురోహితులను కలిసి, మీ ఇంటి ఆచారంలో కన్యాదానం ముందా వెనుకా, మంగళసూత్రం ఎప్పుడు కడతారు అని అడిగి తెలుసుకుంటాడు. మీరు మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్నలు వాళ్లే మిమ్మల్ని అడుగుతున్నారో లేదో గమనించండి. ముహూర్తం ఎన్ని గంటలకని కూడా అడగకుండా ప్యాకేజీ ధర చెప్పేవారితో జాగ్రత్తగా ఉండాలి.

వెలుతురు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఫొటోగ్రాఫరు చేతిలో పూర్తిగా ఉండదు. అలంకరణవారు మండపానికి ఊదా, నీలం, ఎరుపు లైట్లు పెడతారు, కంటికి పండుగలా ఉంటుంది. ఆ రంగు ముఖం మీద పడితే మాత్రం పసుపు పూసిన చెంప నీలంగా వస్తుంది, తరువాత ఎంత దిద్దినా చర్మపు సహజమైన రంగు తిరిగి రాదు. వధూవరుల వెనుక ఎల్ఈడీ గోడ పెట్టిస్తే కొన్ని కెమెరాల్లో అడ్డ చారలు పడతాయి. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా ముఖాల మీద తెల్లని లేదా లేత పసుపు కాంతి మాత్రమే ఉండాలని, రంగులన్నీ వెనుక పూలకే పరిమితం కావాలని అలంకరణవారికి ఇప్పుడే చెప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు. కొత్త కెమెరా కొన్నా రాని మార్పు ఇది.

పరికరాల్లో నేను అడగమనేది ఒక్కటే. కెమెరాలో రెండు మెమరీ కార్డులకు ఏకకాలంలో రాసే సౌకర్యం ఉండాలి, దానిని వారు నిజంగా వాడుతూ ఉండాలి. ఒక కార్డు పాడైతే రెండోదానిలో పెళ్లి భద్రంగా ఉంటుంది. ఆ రాత్రే ఇంకో చోట ప్రతి తీసి పెడతారా అని కూడా అడగండి. నాణ్యమైన 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రాస్తే ఒక్క కెమెరాకు గంటకు 45 జీబీ అవుతుంది, రెండు కెమెరాలు ఎనిమిది గంటలు నడిస్తే 720 జీబీ. కనుక మీరే 2 టీబీ హార్డ్ డిస్కు ఒకటి కొనిచ్చి మొత్తం తీసుకోవడం మంచిది. చాలా స్టూడియోలు కొన్ని నెలల తరువాత పాత ఫైళ్లను తీసేస్తాయి.

మీ అమ్మమ్మగారి విషయానికి వస్తే, ఉదయం కార్యక్రమానికి కాలనీ స్టూడియో చాలులే అని చాలామంది అనుకుంటారు, నేను దానికి ఒప్పుకోను. పసుపు దంచేటప్పుడు ఇంటి ఆడవారు ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ పాడే పాటలు, పెద్దావిడ రోకలికి పసుపు కొమ్ములు కట్టడం, ఇవి హాలులో దొరకవు. మీ కాండిడ్ ఫొటోగ్రాఫరును ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 దాకా ఇంటికి రప్పించండి, తరువాత విశ్రాంతికి పంపి సాయంత్రం 6 గంటలకు హాలుకు రమ్మనండి. ఎడతెగకుండా ఇరవై గంటలు పనిచేసిన మనిషి చేతి నుంచి ముహూర్తం ఫొటో బాగా రావాలని ఆశించడం న్యాయం కాదు. కాలనీ స్టూడియో ఆయన్ను వదులుకోవద్దు. విందు వేళ వేదిక మీద చుట్టాలందరినీ వరుసగా తీయడంలో ఆయనకున్న ఓర్పు కాండిడ్ వారికి ఉండదు. పదేళ్ల తరువాత ఆల్బమ్ తిప్పితే అందరూ వెతుక్కునేవి ఆ ఫొటోలనే. ఆ ఒక్క పూటకు ఆయన్ను విడిగా అడిగి చూడండి.

మళ్లీ ప్రశ్న: అన్నయ్య, అల్వాల్

అమ్మగారికి, సికింద్రాబాద్ అన్నగారికి ఎంతో రుణపడి ఉన్నాను. నిన్న మొదటి స్టూడియోకు వెళ్లి ఒక పెళ్లి మొత్తం చూపించమని అడిగాను. కాస్త తటపటాయించినా చూపించారు. ఆ పెళ్లి తీసిన మనిషే ఈయన అని ఒకరిని పరిచయం కూడా చేశారు. ఆయన పని నాకూ చెల్లెలికీ నచ్చింది. డ్రోన్, తెరలు, రెండో ఆల్బమ్ తీసేసి ఆయన్నే పంపే పద్ధతిలో ధర మళ్లీ చెబుతామన్నారు. అయితే అడ్వాన్స్ సగం అడుగుతున్నారు, కాగితం మీద ఏమీ రాసివ్వడం లేదు, అంతా వాట్సాప్‌లోనే. ఒప్పందంలో ఏమేమి ఉండాలో, జీఎస్టీ కట్టాలో వద్దో ఎవరైనా చెప్పగలరా?

జవాబు: న్యాయవాది, ఎల్బీనగర్

వాట్సాప్ సంభాషణను కూడా సాక్ష్యంగా చూపవచ్చు గాని, ఒక్క పేజీ ఒప్పందం రాసుకుని ఇరువురూ సంతకం చేస్తే చాలా తగవులు పుట్టవు. ఫొటోగ్రాఫర్ల పేర్లు అందులో ఉండాలి. ఆ మనిషికి అనారోగ్యం వంటి ఇబ్బంది వస్తే ఎవరిని పంపుతారు, మీ అంగీకారం ఎలా తీసుకుంటారు అన్నది కూడా రాయించండి. ఏ కార్యక్రమానికి ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉంటారు, ముహూర్తం ఆలస్యమై సమయం మించితే అదనంగా ఎంత, దిద్దిన ఫొటోలు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఆల్బమ్‌కు మీరు ఫొటోలు ఎంచి ఇచ్చాక ఎన్ని రోజుల్లో ముద్రిస్తారు అన్నవి స్పష్టంగా ఉండాలి. ఇందులో మీ వంతు కూడా ఉంటుంది. ఫొటోలు ఎంచడానికి నెలల తరబడి జాప్యం చేసి ఆల్బమ్ రాలేదని స్టూడియోను నిందించే కక్షిదారులను నేను చూస్తూనే ఉంటాను.

డబ్బు ఒక్కసారిగా సగం ఇవ్వవద్దు. తేదీ ఖరారుకు నాలుగో వంతు, పెళ్లిరోజున సగం, అన్నీ అందాక మిగిలిన నాలుగో వంతు అని అడిగి చూడండి. చివరి వాయిదా మీ చేతిలో ఉంటేనే ఆల్బమ్ సమయానికి వస్తుందన్నది నా అనుభవం. ముహూర్తం మారినా, ఇంట్లో జరగరానిది జరిగి పెళ్లి వాయిదా పడినా అడ్వాన్స్ కొత్త తేదీకి వర్తిస్తుందా అన్నది తప్పక రాయించండి. మంగళమా అని పెళ్లి చేస్తూ ఈ మాట ఎలా అడగడం అని చాలామంది సంకోచిస్తారు, అడగడంలో తప్పేమీ లేదు.

ఫొటోల మీద హక్కు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. అయితే స్టూడియోవారి ముద్రిత పత్రాల్లో హక్కులన్నీ తమవేనని చిన్న అక్షరాల్లో ఉంటుంది, సంతకం చేస్తే అదే ఆ వేరే ఒప్పందం అవుతుంది. మీ చెల్లెలి ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లోగాని ప్రకటనల్లోగాని పెట్టాలంటే ముందుగా ఆమె అనుమతి తీసుకోవాలని రాయించండి. ఫొటోగ్రాఫరుకు తన పని చూపించుకోవడం అవసరమే, కనుక ఆమె ఎంచిన కొన్నింటికి అనుమతి ఇవ్వడం మర్యాద.

జీఎస్టీ ఫొటోగ్రఫీ సేవలకు 18 శాతం. తెలంగాణలో సేవల మీద ఏడాది ఆదాయం 20 లక్షలు దాటినవారు నమోదు చేసుకోవాలి, నమోదు కాని చిన్న స్టూడియో మీ దగ్గర ఆ పన్ను వసూలు చేయడానికి వీల్లేదు. చెప్పిన ధర పన్నుతో కలిపా, విడిగానా అని ఇప్పుడే తేల్చుకోండి; లక్షన్నర బిల్లు మీద అది 27,000 తేడా.

తగవే వస్తే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, రెండేళ్ల లోపు వేయాలి. అప్పుడు ఆ ఒక్క పేజీ కాగితమే మీకు అండ.

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

డ్రోన్ తీసేయడం మంచి నిర్ణయం. కొంపల్లికి ఒక వైపు హకీంపేట, ఇంకో వైపు దుండిగల్ వైమానిక స్థావరాలు ఉన్నాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటులోని పటంలో ఎరుపు రంగు ఉన్న చోట కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా, పసుపు రంగు ఉన్న చోట ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి లేకుండా ఎగరవేయకూడదు. మీ హాలు ఏ రంగులో ఉందో ఆ పటంలో చూసుకోవచ్చు. అయినా అర్ధరాత్రి దాటాక హాలు లోపల జరిగే పెళ్లికి ఆకాశం నుంచి తీయవలసింది ఏముంది?

ఆ డబ్బులో కొంత పెళ్లిని నెట్‌లో లైవ్‌గా చూపించడానికి పెట్టండి. మీకు అమెరికాలో చుట్టాలు ఉంటే, ఇక్కడ తెల్లవారుజామున మూడు గంటలంటే న్యూజెర్సీలో ఆ ముందురోజు సాయంత్రం నాలుగున్నర, హాయిగా కూర్చుని చూడగలరు. హాలు వైఫైని నమ్ముకోకుండా ముందే వెళ్లి మండపం దగ్గర మొబైల్ నెట్ వేగం చూసుకోండి. బ్యాండువారు సినిమా పాటలు వాయిస్తే హక్కుల సమస్య వల్ల యూట్యూబ్ లైవ్ మధ్యలో ఆగిపోవచ్చు, కనుక ముహూర్తం వేళ మంగళవాద్యం, మంత్రాలు తప్ప ఇంకేమీ వద్దని చెప్పండి.

మళ్లీ అన్నయ్య, అల్వాల్

అందరి సలహాలతో ఒక కొలిక్కి వచ్చింది. తెరలు, డ్రోన్, రెండో ఆల్బమ్ తీసేస్తే 88,000 మిగిలింది. మాకు నచ్చిన ఆయన్నే రెండు పూటలూ పంపడానికి, ఆయన స్థాయిలో వీడియో తీసే మనిషిని పెట్టడానికి 40,000 పెంచారు. ముహూర్తానికి రెండో కాండిడ్ ఫొటోగ్రాఫరు కోసం 20,000, లైవ్‌కు 8,000. అంతా 1,56,000, జీఎస్టీతో 1,84,080. పేర్లు, గంటలు, వాయిదాలు రాసిన కాగితం మీద రేపు సంతకాలు చేస్తున్నాము. అడ్వాన్స్ ముప్ఫై శాతం దగ్గర తెగింది. వరంగల్ మామగారు ముహూర్తానికి ఒకే బృందం అన్న మాటకు వెంటనే ఒప్పుకున్నారు, తమ ఆల్బమ్ ఖర్చు తామే పెట్టుకుంటామన్నారు. కాలనీ స్టూడియో ఆయన విందు పూటకు 12,000 అడిగారు, అది కూడా కలిపినా 2 లక్షల లోపే ఉన్నాము. అలంకరణవారు రంగు లైట్ల విషయంలో మొదట నసిగారు గాని ముహూర్తం వేళకు ఆపేస్తామని మాట ఇచ్చారు.

జవాబు: ఒక పెళ్లికూతురి తల్లి, నాగోలు

చాలా సంతోషం బాబూ. ఒక్క విషయం మిగిలింది, వాళ్ల భోజనం. విందు జరుగుతున్నంతసేపూ ఫొటోగ్రాఫర్లు వేదిక మీదే ఉంటారు, వాళ్లు దిగి వచ్చేసరికి పన్నెండు దాటి వంటవారు గిన్నెలు కడిగేస్తూ ఉంటారు. కెమెరా పట్టినవాళ్లు, లైవ్ చూసే అబ్బాయి, లైట్లు పట్టుకునే కుర్రవాళ్లు అందరికీ కలిపి పులిహోర, పెరుగన్నం, ఒక కూర విడిగా తీసి ఉంచమని వంటమేస్త్రికి ఇప్పుడే చెప్పు. రెండు గంటలకు టీ కూడా కావాలి, మాఘమాసపు చలి కదా. హాలులో ఎవరి దగ్గర అడగాలో ఆ ఫొటోగ్రాఫరుకు ఒక పేరు, ఫోన్ నంబరు ఇచ్చి ఉంచితే ముహూర్తం ముందు నిన్ను వెతుక్కుంటూ రావాల్సిన పని ఉండదు.